ఒక బస్సు ఎన్ని కార్లు?

తెల్లవారుజామున నాలుగున్నరకి ఇద్దరు కుర్రాళ్ళు ఏలూరు రోడ్డుకి అడ్డంగా తెల్ల టేపు అంటిస్తుంటే, వాళ్ళ వెనకాల ఒకమ్మాయి టార్చిలైటు పట్టుకుని నిలబడింది. టేపుకీ టేపుకీ మధ్య సరిగ్గా యాభై మీటర్లు. ఆ రెండు గీతల మధ్య దూరాన్ని బండి ఎంతసేపట్లో దాటిందో కెమెరాలో చూసి వేగం కడతారట. మా మేడ తాళాలు నా దగ్గర ఉండబట్టి ఈ భాగోతానికి నేనూ సాక్షిని. ఐదున్నరకి రోడ్డు ఊడ్చే ఆవిడ వచ్చి, పెళ్ళి డెకరేషన్ వాళ్ళు వదిలేసిన చెత్త అనుకుంది కాబోలు, ఒక టేపుని శుభ్రంగా పీకి చుట్టచుట్టి తోపుడుబండిలో వేసుకు వెళ్ళిపోయింది. మళ్ళీ అంటించాల్సొచ్చింది. ఈసారి పాలవ్యాన్ల మధ్య.

ఆ అమ్మాయి రవాణా ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. వెంట వచ్చినాయన ఆమె మేనమామ. ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవరు, అందులో ఇరవై పైచిలుకు బెజవాడ సిటీ సర్వీసుల మీదే. మేనకోడలి చదువంటే ఆయనకి గర్వం, కానీ ఆ చదువు మీద నమ్మకం లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. ఏడింటికి కెమెరా ఆన్ చేసి, పిట్టగోడ పక్కన ముగ్గురం కుర్చీలు వేసుకున్నాం. ఫ్లాస్కులో టీ ఉంది. పదింటి దాకా చేసే పనేం లేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నేను చాలామటుకు విన్నాను.

మావయ్య: ఇంతకీ ఈ వీడియో పట్టుకెళ్ళి ఏం చేస్తావమ్మాయ్?

మేనకోడలు: బండ్లు లెక్కపెడతాం మావయ్యా. ఏ రకం బండి ఎన్ని వచ్చాయి, ఎంత వేగంతో పోయాయి, రోడ్డులో ఏ వారన పోయాయి, ఇవన్నీ. ల్యాబ్‌లో అరసెకను, అరసెకను చొప్పున బొమ్మ ఆపుకుంటూ ఒక్కో బండి మీద మౌసుతో చుక్క పెడతాం. రద్దీ ఎక్కువుంటే పావుగంట వీడియోకి రెండు వారాలు పడుతుంది.

మావయ్య: పావుగంట రోడ్డుకి రెండు వారాలా! ఆ రెండు వారాల్లో నేను ఈ రోడ్డు మీద నూటపాతిక సార్లు తిరిగేవాణ్ణి. సరే, చుక్కలు పెట్టావు. తరవాత?

మేనకోడలు: తరవాత అన్నిటినీ కార్లలోకి మారుస్తాం.

మావయ్య: కార్లలోకి?

మేనకోడలు: నోట్లు, చిల్లర అన్నీ కలిపి రూపాయల్లో చెప్తాం కదా, అలాగ. ఇక్కడ బైకుంది, ఆటో ఉంది, బస్సుంది, తోపుడుబండి ఉంది. ఈ రోడ్డు గంటకి ఎంత రద్దీ మోస్తుందో ఒక్క అంకెలో చెప్పాలంటే ఏదో ఒక కొలత కావాలి. మేం కారుని కొలతగా పెట్టుకున్నాం. పీసీయూ అంటాం, ప్యాసింజర్ కార్ యూనిట్. కారు ఒకటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణాల రోడ్లకి ఒక పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం రోడ్డు మీద బైకులు ఐదు శాతమే ఉంటే బైకు అర కారు. పది శాతం దాటితే ముప్పావు కారు. ఆటో 1.2, పది దాటితే 2. తోపుడుబండి 2, పది దాటితే 3.

మావయ్య: బస్సు?

మేనకోడలు: లారీ, బస్సు ఒకే వరసలో ఉంటాయి. 2.2, పది శాతం దాటితే 3.7.

ఆయన టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. గొడవ ఇక్కడ మొదలవుతుందని నాకు తెలిసిపోయింది.

మావయ్య: లారీనీ బస్సునీ ఒకే గాట కట్టారా? సిమెంటు బస్తాలూ మనుషులూ ఒకటేనా?

మేనకోడలు: రోడ్డు మీద అవి ఆక్రమించే చోటు ఇంచుమించు ఒకటే కదా. లోపల ఏముందన్నది ఈ లెక్కకి పట్టదు.

మావయ్య: అదే అంటున్నాను, పట్టదని. ఇంకోటి చెప్పు. బస్సులు తక్కువుంటే ఒక్కోటి రెండు కార్లు చిల్లర, ఎక్కువైతే మూడు కార్ల మీద. అంటే బస్సులు పెరిగేకొద్దీ ఒక్కో బస్సు నేరం పెరుగుతుందన్నమాట. ఊళ్ళో జనం ఎక్కువై గవర్నమెంటు ఇంకో పది బస్సులు వేస్తే, మీ కాగితం మీద రోడ్డు ఇంకా పాడైపోయింది!

మేనకోడలు: నేరం కాదు మావయ్యా. పెద్ద బండ్లు ఎక్కువైతే ఒకదానికొకటి అడ్డం, పక్కవాళ్ళు సందుచేసుకుని పోలేరు. అది మీకూ తెలుసు. పల్లెటూరి రోడ్ల పట్టిక చూస్తే మీరు ఇంకా నవ్వుతారు. అందులో ఎడ్లబండి ఎనిమిది కార్లు.

మావయ్య: ఎనిమిదా! (నవ్వాడు, నిజంగానే.) ఆ ఎడ్లబండి వెనక గుడివాడ రోడ్డులో నలభై నిమిషాలు నడిపినవాణ్ణి, ఆ అంకె మాత్రం ఒప్పుకుంటాను. కానీ మా లెక్క వినమ్మాయ్. సాయంత్రం డిపోకి వచ్చాక మమ్మల్ని అడిగేది ఓఆర్. ఆక్యుపెన్సీ. సీట్లకి ఎంతమంది ఎక్కారు అని. మా ఉద్యోగం మనుషుల లెక్క, మీ చదువు బండ్ల లెక్క. ఆ కింద చూడు, ఆ తెల్ల కారులో ఒకడు. నా బస్సులో అరవైమంది. నీ పట్టికలో వాడొకటి, నేను మూడూ ఏడు.

మేనకోడలు: ఆ అంకె మీకు శత్రువనుకుంటున్నారు. మీ వకీలు అది. మీ బస్సులో యాభైమందే అనుకోండి. యాభైని 3.7తో భాగిస్తే, ఒక కారు చోటులో మీరు పదమూడున్నర మందిని మోస్తున్నట్టు. ఆ తెల్ల కారు ఒకణ్ణి మోస్తోంది. బైకు మీద ఇద్దరున్నా రెండూ ముప్పాతికకి మించదు. రోడ్డుకి బస్సుని మించిన బేరం లేదని చెప్పేది పీసీయూనే. చోటు కొలవకపోతే ఎవడు చోటు వృథా చేస్తున్నాడో ఎలా చెప్తారు?

మావయ్య: మంచిమాటే. మరి ఆ భాగహారం నీ కాగితంలో ఉందా?

మేనకోడలు: ఏ కాగితం?

మావయ్య: ఆ అట్ట మీద క్లిప్పు పెట్టుకున్నావే, అది. బైకు గడి, ఆటో గడి, కారు గడి, బస్సు గడి. జనం గడి ఏది?

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. కింద ఒక స్కూలు ఆటో పదకొండు మంది పిల్లల్తో, బయటికి వేలాడే సంచుల్తో, మా టేపు దాటింది. కెమెరాకి అదొక ఆటో.

మేనకోడలు: మనుషుల్ని లెక్కపెట్టే సర్వే వేరే ఉంటుంది. దానికి కూడలిలో మనుషుల్ని నిలబెట్టాలి, బస్సులెక్కించాలి. ఖర్చు. వీడియో అయితే ఒక కెమెరా, ఒక మేడ చాలు. నా టాపిక్కి అవసరం లేదని వదిలేశాను. నిజం చెప్పాలంటే, తేలిగ్గా దొరికేది కొలుస్తాం, కొలిచిందాని మీద పేపరు రాస్తాం. అది మా రంగంలో ఉన్న జబ్బే.

(ఈ ఒప్పుకోలు ఆమెకి తేలిగ్గా రాలేదు. పరిశోధన చేసేవాళ్ళు తమ డేటా ఎక్కడ పుట్టిందో చెప్పేటప్పుడు గొంతు ఎప్పుడూ కొంచెం తగ్గిస్తారు. ఆమె తగ్గించలేదు, అందుకు నాకు ముచ్చటేసింది.)

మావయ్య: అయినా కారే ఎందుకు? మనూళ్ళో కార్లకంటే బైకులెక్కువ. బైకుని ఒకటి అని పెట్టుకోవచ్చుగా?

మేనకోడలు: పెట్టినవాళ్ళున్నారు. హనోయ్ రోడ్ల మీద పనిచేసిన పరిశోధకులు బైకునే కొలతగా తీసుకున్నారు. మనకి కారు ఎలా వచ్చిందంటే, ఈ శాస్త్రం అమెరికాలో ఎదిగింది. రోడ్ల సామర్థ్యం మీద వాళ్ళ మొదటి మాన్యువల్ 1950లో వచ్చింది. 1965లో వచ్చిన రెండో కూర్పు ఇతర బండ్లని కారుకి సమానం చేసి చెప్పే పద్ధతిని స్థిరపరిచింది. అక్కడ రోడ్డు నిండా కార్లే, గీతల మధ్య వరసగా పోతాయి, అప్పుడప్పుడూ ఒక లారీ. వాళ్ళకి సరిపోయింది. మనకి మన దేశపు పూర్తి మాన్యువల్ 2017 దాకా లేదు. ఢిల్లీలో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, సీఆర్ఆర్ఐ, ముందుండి చేసింది. రూర్కీ, బొంబాయి ఐఐటీలు, సూరత్ ఎన్ఐటీ, ఇంకా కొన్ని కలిశాయి. ఇండో హెచ్‌సీఎం అంటారు.

మావయ్య: అందులో కొలత?

మేనకోడలు: కారే.

మావయ్య: అద్దిల్లు ఖాళీ చేసి సొంతిల్లు కట్టుకున్నా, ఓనరు ఫోటో మాత్రం గోడమీదే ఉంచారన్నమాట.

మేనకోడలు: ఉండండి, పూర్తిగా వినండి. కారు ఒకటి అన్నది మారలేదు గానీ, బస్సు ఎంత అన్నది మారింది. 2003లో రూర్కీలో సతీశ్ చంద్రగారు, ఇంకో పరిశోధకుడితో కలిసి, ఒక పద్ధతి ప్రచురించారు. పట్టికలో రాసిపెట్టిన అంకె వద్దు, ఏ రోడ్డుకారోడ్డు, ఏ గంటకాగంట కట్టండి అన్నారు. లెక్క చాలా తేలిక. కారు వేగాన్ని బస్సు వేగంతో భాగించాలి. బస్సు ఆక్రమించే నేలని కారు ఆక్రమించే నేలతో భాగించాలి. రెంటినీ హెచ్చవేయాలి. అంతే. ఉదాహరణకి బస్సు నేల కారుకి నాలుగున్నర రెట్లనుకోండి. కారు నలభైతో పోతోంది, బస్సు ముప్ఫైతో పోతోంది. ఎంత?

నేను సెల్‌ఫోనులో కట్టాను. ఆరు.

మావయ్య: ఆరు కార్లా? మూడూ ఏడు నుంచి ఆరుకి పోయామా? ఇదేనా కొత్త పరిశోధన మాకిచ్చిన బహుమానం?

మేనకోడలు: ఇప్పుడు అదే బస్సుకి విడిగా దారి ఇవ్వండి. బస్సు నలభైతో పోతోంది, పక్కన కార్లు ఇరవైతో పాకుతున్నాయి. ఇప్పుడు కట్టండి.

రెండుంపావు. నేను రెండుసార్లు కట్టి చూశాను. బస్సు మారలేదు, పొడుగు మారలేదు, వెడల్పు మారలేదు. ఆరు కార్లు కాస్తా రెండుంపావు అయింది.

మేనకోడలు: చూశారా? బరువు బస్సులో లేదు మావయ్యా, దానికి మనం ఇచ్చిన రోడ్డులో ఉంది. ఈ మాట చెప్పడానికి నాకు ఆ చుక్కలన్నీ కావాలి.

మావయ్య: ఆగాగు. నువ్వు అన్నదే ఇంకోవైపు నుంచి చెప్తాను. బస్సు నిదానంగా పోతే దాని అంకె పెరుగుతుంది. అవునా? బస్సు ఎందుకు నిదానమైంది? నా ముందు ఆటోవాడు ఆపాడు, కారువాడు డోరు తీశాడు, బైకువాడు రాంగ్‌రూట్లో వచ్చాడు. నన్ను ఆపింది వాళ్ళు. లెక్కలో లావైంది నేను. దొంగతనం జరిగిన ఇంటివాడికే జరిమానా వేసినట్టుంది మీ ఫార్ములా.

ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. ఆ ఫార్ములా తప్పని నేను అనుకోవడం లేదు. బస్సు నిదానమైతే రోడ్డు ఎక్కువసేపు దాని కింద ఉంటుంది, ఆ సంగతి అది నిజాయితీగానే చెప్తుంది. కాకపోతే ఎవరివల్ల అన్నది చెప్పదు. అంకె చూసినవాడు మాత్రం ఎవరివల్ల అన్నది తనే పూరించుకుంటాడు. మామూలుగా ఎవరు పెద్దగా కనపడితే వాళ్ళవల్ల.

మావయ్య: విడి దారి అన్నావు. మనూళ్ళో బీఆర్‌టీఎస్ రోడ్డుంది. ఆటో ఎక్కి ఆ పేరు చెప్తే తిన్నగా తీసుకెళ్తాడు. ఆ అక్షరాల మధ్యలో బస్సుందని వాడికి తెలుసంటావా?

మేనకోడలు: ఢిల్లీలో ఇంకా ఘోరం జరిగింది. 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా దాదాపు ఆరు కిలోమీటర్లు, రోడ్డు మధ్యలో బస్సులకి విడిగా దారి వేశారు. దాని వెనక ఐఐటీ ఢిల్లీవాళ్ళ ఏళ్ళ పరిశోధన ఉంది. పక్కన ఇరుక్కున్న కార్లవాళ్ళు, ఖాళీగా కనపడుతున్న బస్సు దారిని చూసి మండిపోయారు. కేసు హైకోర్టుకెళ్ళింది. 2012లో సీఆర్ఆర్ఐ అధ్యయనం చేసి, బస్సు దారి ఎత్తేస్తేనే నయం అని తేల్చింది. అటూ ఇంజనీర్లే, ఇటూ ఇంజనీర్లే. తగువంతా మీరిందాకా అడిగిందే. ఆలస్యాన్ని బండ్లకి కట్టాలా, మనుషులకి కట్టాలా? ఆ అక్టోబరులో కోర్టు బస్సు దారి ఉండాల్సిందేనంది.

మావయ్య: బాగుంది. ఇప్పుడూ ఉందా?

మేనకోడలు: లేదు. 2016లో పగలగొట్టేశారు.

మావయ్య: మరింకేం! మీ పరిశోధన గెలిచింది, రోడ్డు ఓడిపోయింది.

ఎనిమిదిన్నరకి ఎండ పిట్టగోడ ఎక్కింది. కుర్చీలు నీడలోకి జరుపుకున్నాం. కింద రద్దీ పట్టుకుంది. కూడలికి వందగజాల ఇవతల, అడ్డంకేమీ లేని చోట బండ్లు ఆగుతున్నాయి, కదులుతున్నాయి, మళ్ళీ ఆగుతున్నాయి. మేడ మీంచి చూస్తే అది ఒక అలలా వెనక్కి పాకడం కనపడుతుంది. కింద ఉన్నవాడికి ముందువాడి వెనక లైటు తప్ప ఏమీ కనపడదు.

మేనకోడలు: ఇదిగో, ఇది చూడండి మావయ్యా. జపాన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఫలితం 2008లో అచ్చయింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయం. ఇరవైరెండు కార్లు. ముప్ఫైతో నింపాదిగా ఒకదాని వెనక ఒకటి తిరగండి అన్నారు. సిగ్నల్ లేదు, గుంట లేదు, అడ్డం వచ్చేవాడు లేడు. కాసేపు బాగానే తిరిగారు. తరవాత ఒకరిద్దరు ఆగిపోయారు. ఆ ఆగడం వెనక్కి వెనక్కి, గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో పాకుతూనే ఉంది. కారణం లేకుండా జామ్.

మావయ్య: కారణం లేకపోవడమేంటి? ముందువాడు కాలు కొంచెం ఆనిస్తే వెనకవాడు ఇంకాస్త తొక్కుతాడు, వాడి వెనకవాడు ఇంకా గట్టిగా. పదోవాడు ఆగిపోతాడు. దీనికి జపాన్ వెళ్ళాలా?

మేనకోడలు: దానికి మందు కూడా తెలుసా మీకు?

మావయ్య: ముందు ఖాళీ వదలడం. వాడు పరిగెత్తినప్పుడు మనం పరిగెత్తకూడదు, వాడు ఆగినప్పుడు మనం ఆగే అవసరం రాకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి, సగటున వాడెంత పోతున్నాడో అంతే పోవాలి. డిపోలో మా అందరి కేఎంపీఎల్ బోర్డు మీద రాసేవాళ్ళు. లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు అని. నాది ఐదున్నరకి తగ్గేది కాదు. అదే బస్సు రెండో షిఫ్టువాడి చేతిలో నాలుగూ తొమ్మిది.

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

మేనకోడలు: మావయ్యా, అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ ఉన్న టూసాన్‌లో సరిగ్గా ఇదే చేశారు. 2018లో ప్రచురించారు. జపాన్‌లో లాంటి వలయమే, ఇరవై చిల్లర కార్లు. అందులో ఒక్కదాన్ని మాత్రం కంప్యూటరు నడిపింది. అది చేసిందల్లా మీరు చెప్పింది. ముందు ఖాళీ ఉంచి సగటు వేగంతో పోవడం. ఆ ఒక్క కారువల్ల మొత్తం వలయంలో అలలు చచ్చిపోయాయి. అన్ని కార్లూ కలిపి తాగే పెట్రోలు నలభై శాతం దాకా తగ్గింది.

మావయ్య: నాకు రెండు వందల రూపాయల అవార్డూ ఒక శాలువా ఇచ్చారు.

ముగ్గురం నవ్వుకున్నాం గానీ, ఆయన నవ్వు ముందు ఆగిపోయింది.

మావయ్య: వాళ్ళ వలయంలో ఆటో ఉందా?

మేనకోడలు: లేదు.

మావయ్య: మరి నేను ఖాళీ వదిలితే ఏమవుతుందో వాళ్ళకేం తెలుసు? ఆటో దూరుతుంది. ఆటో వెనక రెండు బైకులు దూరతాయి. మళ్ళీ ఖాళీ వదిలితే ఇంకొకడు. ఖాళీ వదలాలి, కానీ దూరేంత వదలకూడదు. బైకు ముందు చక్రం పట్టి హ్యాండిల్ పట్టనంత. అది కాలికి రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

మేనకోడలు: నా థీసిస్ అదే మావయ్యా! గీతలు పాటించని రోడ్డులో ఎంత ఖాళీ ఉంటే ఏ బండి దూరుతుంది అని. మరి ఇన్నేళ్ళూ ఈ మాట నాకెందుకు చెప్పలేదు?

మావయ్య: నువ్వడిగావా? కెమెరా తెచ్చావు.

ఇక్కడ ఆయన గెలిచాడని నేననుకున్నాను. ఆయనా అనుకున్నట్టున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు. కానీ ఆ అమ్మాయి వదల్లేదు.

మేనకోడలు: సరే, నేను అడగలేదు. మీరు ఎవరికైనా చెప్పారా? మీ రెండో షిఫ్టు ఆయనకి చెప్పారా? ముప్ఫై ఒక్క ఏళ్ళు మీ కాలిలో ఉన్న విద్య ఎక్కడ రాసి ఉంది? మీరు రిటైరైన రోజున అది కూడా రిటైరైపోయింది. అమెరికాలో గ్రీన్‌షీల్డ్స్ అని ఒకాయన, 1935లో, రోడ్డు మీద బండ్లు దగ్గరయ్యేకొద్దీ వేగం సరళరేఖలా తగ్గుతుందని ఒక సూత్రం రాశాడు. సినిమా కెమెరాతో రోడ్డుని ఫోటోలు తీసి. గ్రాఫు మీద ఆయనకున్నవి ఏడే చుక్కలు. అందులో ఒకటి వేరే రోడ్డుది!

మావయ్య: ఏడు చుక్కలా? నీ పావుగంట వీడియోలోనే వేలున్నాయంటివి.

మేనకోడలు: ఉన్నాయి. ఆయన సూత్రం పూర్తిగా నిజం కాదని తరవాత చాలామంది తేల్చారు. ఎలా తేల్చారు? ఆయన రాసి పెట్టాడు కాబట్టి. ఏ చుక్క ఎక్కడిదో చెప్పాడు కాబట్టి. మీది నిజమే, ఆయనది తప్పే. కానీ ఆయన తప్పు మీద తొంభై ఏళ్ళుగా జనం ఇల్లు కడుతున్నారు. మీ నిజం మీద ఎవరూ ఇటుక పెట్టలేదు.

మావయ్య గ్లాసులో మిగిలిన చల్లారిన టీ తాగేశాడు. కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. ఆమె అన్నదాంట్లో కాస్త కటువుంది. కాదనడానికి మాత్రం నాకు మాట దొరకలేదు.

మావయ్య: రాస్తే చదివేదెవరమ్మా? మీ పేపర్లు మీరే రాసుకుని మీరే చదువుకుంటారు. ప్రమోషన్లకి లెక్కపెట్టుకుంటారు. ఈ సిగ్నల్ దగ్గర నిలబడే హోంగార్డుకి ఒక్కటైనా చేరిందా?

మేనకోడలు: ప్రమోషన్ల మాట నిజం. చాలామటుకు అంతే. కానీ అప్పుడప్పుడు ఒకటి గట్టిగా తగులుతుంది. వెస్ట్ వర్జీనియా అని అమెరికాలో ఒక మోస్తరు యూనివర్సిటీ. 2013లో అక్కడి కుర్రాళ్ళు డీజిల్ కార్ల వెనకాల పొగ కొలిచే యంత్రం, జనరేటరు కట్టుకుని మామూలు రోడ్ల మీద తిరిగారు. ఒక కారునైతే లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాకా తోలుకెళ్ళి వెనక్కి తెచ్చారు. వాళ్ళలో ఇద్దరు మనవైపు వాళ్ళే, ఒకరు చెన్నై, ఒకరు బెంగళూరు. ల్యాబ్‌లో రోలర్ల మీద శుభ్రంగా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కార్లు రోడ్డెక్కేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎడాపెడా వదిలాయి. ఒక కారు పరిమితికి పదిహేను నుంచి ముప్ఫై ఐదు రెట్లు!

మావయ్య: రోలర్ల మీద ఉన్నప్పుడు దానికెలా తెలిసింది పరీక్ష అని?

మేనకోడలు: సాఫ్ట్‌వేర్. స్టీరింగు తిప్పడం లేదు, చక్రాలు మాత్రం తిరుగుతున్నాయి, ఇలాంటివి పసిగట్టి మంచివేషం వేసేది. వీళ్ళు 2014 మేలో రిపోర్టు పెట్టారు. 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం నోటీసిచ్చింది. చివరికి ప్రపంచం మొత్తమ్మీద కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. కుర్రాళ్ళు దొంగని పట్టుకుందామని బయల్దేరలేదు. ఏముందో కొలుద్దామని బయల్దేరారు.

మావయ్య: ఫిట్‌నెస్ రోజున ప్రతి లారీ కొత్త పెళ్ళికూతురే. ఆ సంగతి బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు అందరికీ తెలుసు. (కొంచెం ఆగి) కానీ కొలిచి కాగితం మీద పెట్టింది వాళ్ళు. సరే, అది ఒప్పుకుంటాను. నువ్వు కూడా ఇలా రోడ్డు మీదికి దిగి చూడు. ఇదిగో, ఈ వచ్చే బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పు.

బస్‌బే మా మేడకి ఎడమవైపు, పక్కాగా తారు వేసి ఉంది. బస్సు దాని పక్కనే, రోడ్డులో, రెండో వరసలో ఆగింది. వెనక హారన్లు. కెమెరా అంతా చూస్తోంది.

మేనకోడలు: బే ఉండగా రోడ్డుమధ్యలో ఆపాడు. ఇరవైరెండు సెకన్లు. నేనైతే డ్రైవరు క్రమశిక్షణారాహిత్యం అని రాస్తాను.

మావయ్య: బేలో ఏముంది?

మేనకోడలు: మూడు ఆటోలు. ఒక చెరుకురసం బండి.

మావయ్య: అవి లేకపోయినా వాడు లోపలికి దూరడు. దూరితే బయటికి రావాలిగా? కుడివైపు ఇండికేటర్ వేసుకుని నిలబడితే ఒక్కడంటే ఒక్కడు ఆగడు. నలభై సెకన్లు, నిమిషం. ట్రిప్పుకి ఇరవై స్టాపులు. ఇరవై నిమిషాలు లేటు. రెండో కొసన కంట్రోలరు వేసుకుంటాడు. అందుకని సగం రోడ్డులో తోక ఉంచి ఆపుతాడు. వెనకవాడు తిడతాడు, తిట్టనీ. నీ కెమెరాకి వాడు ఆగడం కనపడింది. బయటికి రాలేకపోవడం కనపడదు, ఎందుకంటే వాడు లోపలికే వెళ్ళలేదు.

ఆ చివరిమాట నన్ను పట్టుకుంది. జరగనిదాన్ని కెమెరా ఎలా పడుతుంది? అమ్మాయి మాత్రం నాలాగా ఆశ్చర్యపోతూ కూర్చోలేదు. బేలోంచి బయటికి రావడానికి బస్సులకి పట్టే సమయాన్ని ఎక్కడ, ఏ గంటలో కొలిస్తే దొరుకుతుందో గబగబా అడగడం మొదలుపెట్టింది. రాత్రి చివరి ట్రిప్పులు చూడమన్నాడాయన. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవర్లు లోపలికి వెళ్తారు, ఏ గంట నుంచి వెళ్ళడం మానేస్తారో ఆ గంటే నీకు కావలసింది అన్నాడు. ఆమె ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంది.

తొమ్మిదీ నలభైకి కెమెరా బ్యాటరీ చచ్చిపోయింది. టేపు రెండోసారి అంటించిన తొందరలో స్పేర్ బ్యాటరీ చార్జింగులోంచి తీసిపెట్టుకోవడం మర్చిపోయారట. ఇంకా ఇరవై నిమిషాలుంది. అట్టలు రెండే ఉన్నాయి. ఒకటి ఆమె తీసుకుని బైకులూ ఆటోలూ పట్టింది, రెండోది ఆయనకిచ్చి కార్లూ బస్సులూ లారీలూ చూడమంది. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, అంతే మావయ్యా అని చెప్పింది. ఆయన చొక్కాజేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

పదింటికి ఆమె రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూసింది. కార్ల గడిలో గీతలు సాఫీగా ఉన్నాయి. లారీల గడి దాదాపు ఖాళీ. బస్సుల గడిలో మాత్రం ప్రతి గీత పక్కనా ఏదో అక్షరం ఉంది. ఫు, స, స, ఖా, ఫు.

మేనకోడలు: ఏంటివి?

మావయ్య: ఫుల్లు, సగం, ఖాళీ. అద్దంలోంచి కనపడిందిగా, రాశాను. వద్దంటే కొట్టెయ్.

మేనకోడలు: వద్దని కాదు. సగం అంటే ఎంతో చెప్పండి.

మావయ్య: సీట్లన్నీ నిండితే సగం.

మేనకోడలు: సీట్లన్నీ నిండితే నూటికి నూరు కదా మావయ్యా?

మావయ్య: నూరెలా అవుద్ది? నిలబడేవాళ్ళు ఇంకా ఎక్కలేదుగా!